పాండవుల గుట్టకు తొవ్వ

మా తెలుగు మేడం చనిపోయారన్న సంగతి నాకు మహబూబాబాద్ ప్రభుత్వ దవాఖానలో, టీకాల గదిలో ఉండగా తెలిసింది. నేనక్కడ నర్సును. ఆ రోజు బుధవారం కావడంతో తల్లులూ పిల్లలూ వరండా దాకా నిండి ఉన్నారు. ఫోన్ చేసింది స్వరూప. జనగామ బాలికల హైస్కూల్లో మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం.

"మేడం పోయిందే సునీతా. పొద్దున చాయ్ తాగుకుంట కుర్చీల కూసున్నదట. గట్లనే పోయిందట" అంది.

ఫోన్ జేబులో పెట్టుకుని, ఎదురుగా ఉన్న తండా ఆమెకు పిల్లను ఒళ్లో ఎలా పట్టుకోవాలో మా లంబాడీల గోర్ భాషలో చెప్పాను. సూది వేశాను. పిల్ల ఏడ్చింది. వరుసలో ఉన్నవాళ్లందరూ అయిపోయాక మందుల అల్మారా చాటుకు వెళ్లి నేను ఏడ్చాను.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాయాలని అప్పుడే అనుకున్నాను. ఆవిడకు బిరుదులు లేవు, శాలువాలు కప్పించుకున్న ఫోటోలు లేవు. జనగామ చుట్టుపక్కల బడుల్లో ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పారు. ఇస్త్రీ చేసిన నూలు చీర, దారం కట్టి మెళ్లో వేలాడదీసిన కళ్లజోడు. వేళ్లకు అంటకుండా చాక్‌పీసుకు కాగితం చుట్టుకునేవారు. ఎవరైనా బాగా రాస్తే బాగుందని అనేవారు కాదు. పేరు చెప్పకుండా ఆ పేజీ క్లాసులో చదివేవారు. రాసిన పిల్ల మాత్రం తల వంచుకుని లోలోపల మురిసిపోయేది. తడబడే పిల్లతో, "మెల్లగా చెప్పు, బస్సేమీ వెళ్లిపోవడం లేదు" అనేవారు.

కానీ తప్పు మాట్లాడితే ఊరుకునేవారు కాదు. తప్పంటే మేం ఇళ్లల్లో మాట్లాడే మాటలే. "వచ్చినం కాదు, వచ్చాం. ఎట్ల కాదు, ఎలా." గంట మోగే వరకూ దిద్దుతూనే ఉండేవారు. ఆవిడ నోట ఒక్క యాస మాట వచ్చేది కాదు. రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడేవారు. కోస్తా ఆవిడేమో అనుకునేవాళ్లం. కాదు, జనగామ దగ్గరి పల్లెలో భూములున్న ఇంటి ఆడబిడ్డేనని తర్వాత తెలిసింది.

నాది దేవరుప్పుల వైపు ఒక తండా. ఇంట్లో మాది గోర్ భాష. ఊళ్లోకి వస్తే తెలంగాణ తెలుగు. పుస్తకంలో ఉన్న తెలుగు నాకు మూడోది. తొమ్మిదో తరగతిలో, సెలవుల్లో ఏం చేశారో చెప్పమని మేడం ఒక్కొక్కరినీ లేపారు. నా వంతు వచ్చింది.

"మా యాడి పత్తేరవోయింది. నేను సుత పోయిన" అన్నాను.

యాడి అంటే మా భాషలో అమ్మ. తొందరలో నోట్లోంచి వచ్చేసింది. క్లాసంతా నవ్వింది.

"యాడి ఏమిటి? అమ్మ అనడం రాదా?" అన్నారు మేడం. "తొమ్మిదో తరగతికి వచ్చావు. ఒక్క వాక్యం తెలుగులో చెప్పలేవా? కూర్చో."

ఆవిడ అరవలేదు, మామూలుగానే అన్నారు. అందుకే అది అంత లోతుగా దిగిందేమో. ఆ రోజు నుంచి ఆవిడ క్లాసులో నేను నోరు తెరవలేదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేదాన్ని. ప్రశ్న అడిగితే లేచి నిలబడి, ఆవిడ విసిగే దాకా ఉండి కూర్చునేదాన్ని. కొన్నాళ్లకు ఆవిడ నన్ను అడగడం మానేశారు. పరీక్షల్లో మంచి మార్కులే వచ్చేవి కాబట్టి, సిగ్గరి పిల్ల అని సరిపెట్టుకున్నారు.

మేం పదో తరగతికి వచ్చిన ఏడు సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. జనగామ చౌరస్తాలో టెంటు వేశారు. సార్లు, మేడంలు రోజూ అక్కడే కూర్చునేవారు. మా తెలుగు మేడం మాత్రం, "సమ్మె బడికి, పరీక్షకు కాదు" అని హాస్టల్లో మిగిలిన పదో తరగతి పిల్లలను పిలిపించి, టెంటు వెనక జంపఖానా మీద పాఠం చెప్పేవారు. ముందు నినాదాలు, వెనక సంధులు, సమాసాలు.

ఒకరోజు కాలేజీ కుర్రాడొకడు మైకు పట్టుకున్నాడు. "సిన్మాలల్ల రౌడీగానికి మన భాష వెట్టిన్రు. ఇంట్ల పనిమనిషికి మన భాష వెట్టిన్రు. మనం నోరు దెరిస్తె నవ్విన్రు. మనోళ్లే మనల్ని నోర్ముయ్యమన్నరు!" అన్నాడు. టెంటంతా చప్పట్లు. మేడం కూడా కొట్టారు. కొడుతూ కొడుతూ ఆగిపోయారు. తల తిప్పి నా వైపు చూశారు. నేను పుస్తకంలోకి చూస్తున్నాను.

మర్నాడు కాకతీయుల శిల్పాల గురించి చెబుతూ మధ్యలో పుస్తకం మూసేశారు. "ఎన్నేళ్లుగానో ఈ సంగతులు చెబుతున్నాను. గణపురం కోటగుళ్లు నేను కంటితో చూడలేదు. ఆ పక్కనే రేగొండ దగ్గర పాండవుల గుట్ట ఉంది. వేల ఏళ్ల నాటి మనుషులు రాళ్ల మీద బొమ్మలు వేసిన చోటు. అదీ చూడలేదు. ఎప్పుడూ తీరిక లేదనుకున్నాను. ఇప్పుడుంది. అక్కడ గుట్టలోకి దారి సరిగ్గా ఉండదంటారు. ఎవరికైనా తెలుసా?"

మా అమ్మ ఏటా పత్తి ఏరడానికి రేగొండ వైపు కూలికి వెళ్లేది. నా చిన్నప్పుడు రెండు మూడేళ్లు నన్నూ తీసుకెళ్లింది. ఆ గుట్ట సందుల్లో నేను ఎక్కని బండ లేదు.

"నాకెర్కే మేడం తొవ్వ" అన్నాను.

ఏడాది తర్వాత ఆవిడ ముందు నేనన్న మొదటి మాట అది. స్వరూప నన్ను గిల్లింది. తొవ్వ కాదు, దారి అంటారని ఎదురుచూశాను. మేడం అనలేదు. "అయితే నువ్వే తీసుకెళ్లాలి. మీ అమ్మగారిని కూడా రమ్మను" అన్నారు.

మేడం తమ్ముడికి జీపు ఉండేది. ఆయన నడుపుతుంటే మేడం, మా అమ్మ, నేను, స్వరూప తెల్లవారగానే బయలుదేరాం. వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. రోడ్డు పొడవునా తంగేడు పచ్చగా పూసింది. పరకాల దాటాక రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి ఆడవాళ్లు వంట చేస్తున్నారు. అప్పట్లో ప్రతి ఊళ్లోనూ అలాగే రోడ్డు ఆపేవాళ్లు. జీపుకు అడ్డంగా ఒక పెద్దామె గరిటె పట్టుకుని నిలబడింది.

"ఎటు వోతున్నరు?"

"పాండవుల గుట్ట చూడడానికి" అన్నారు మేడం.

"సమ్మెల గుట్టలు సూడవోతున్నరా? దిగుండ్రి. తిని పోండ్రి. తినకుంట ఒక్క బండి గూడ కదలది."

దిగాం. మా అమ్మ అడగకుండానే వెళ్లి పొయ్యి దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టింది. మేడం కాసేపు చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడి, తర్వాత అమ్మ పక్కనే కూర్చున్నారు. ఇస్తరాకులో పప్పన్నం తిన్నాకే మమ్మల్ని వదిలారు.

జీపు దగ్గర మేడం తమ్ముణ్ణి వదిలి మేం నలుగురం గుట్టలోకి నడిచాం. ఆ చోటు చూడనివాళ్లకు చెప్పాలంటే, కొండను ఎవరో నిలువునా చీల్చి వదిలేసినట్టు ఉంటుంది. రెండు వైపులా ఎర్రటి రాతి గోడలు, మధ్యలో మనిషి పట్టేంత బాట, పైన పట్టీలాగా ఆకాశం. వానాకాలం చివర కాబట్టి గోడల మీంచి మూడు నాలుగు చోట్ల నీళ్లు పలచగా జారుతున్నాయి. సందు చివర మాత్రం ధార పెద్దది, దాని చప్పుడు మాకు ముందు నుంచే వినబడుతోంది. కాళ్ల కింద పాదం మునిగేంత వాగు, తేటగా.

నేను ముందు, నా వెనక మేడం. "గీడ అడుగెయ్యొద్దు మేడం, పాకురుంటది. గీ రాయి మీద ఎయ్యుండ్రి." నేను చెప్పినచోటే ఆవిడ అడుగులు వేశారు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

బొమ్మలు ఒక పెద్ద బండ కడుపులో, వాన తగలని చోట ఉన్నాయి. కాషాయం రంగువి. దుప్పులు, చేపలు, విల్లు పట్టిన మనుషులు, అరచేతి గుర్తులు. మేడం కళ్లజోడు పెట్టుకుని, "ప్రాచీన మానవుడు వేటకు వెళ్లే ముందు..." అని మొదలుపెట్టారు.

మా అమ్మ వేలు చూపించింది. "గా దుప్పి కడుపుతోని ఉన్నది, సూడుండ్రి."

మేడం దగ్గరికి వెళ్లి చూశారు. నిజమే, పొట్ట కిందికి దిగి ఉంది. ఆవిడ మొదలుపెట్టిన వాక్యం పూర్తి చేయలేదు. చాలాసేపు ఆ దుప్పినే చూస్తూ ఉండిపోయారు.

అక్కడి నుంచి ధార దగ్గరికి నడుస్తున్నాం. మా పైన ఆకాశం తేటగానే ఉంది. ఉన్నట్టుండి మా అమ్మ ఆగిపోయింది. కాళ్ల కింద నీళ్లు చూసింది. తేటగా ఉన్నవి ఎర్రబడుతున్నాయి.

"పాణి ఆవచ! పాణి!" అని అరిచింది.

అమ్మకు తెలుగు వచ్చు. కానీ భయంలో మా మాటే వచ్చింది. మేడం వెనక్కి తిరిగి, సంచిలోంచి సీసా తీసి, మూత తిప్పి, "ఇదిగో, తాగమ్మా" అని అమ్మ ముందు పట్టారు.

పాణి అంటే నీళ్లని ఆవిడకు తెలుసు. వరద వస్తోందని అమ్మ చెబుతున్నట్టు తెలియదు. ఆ ఒక్క క్షణం మేడం ముందు ఏ తెలుగులో చెప్పాలో వెతుక్కున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది.

"మేడం, వరదొస్తున్నది! బండెక్కుండ్రి! ఎక్కుండ్రి జల్ది!" అని చివరికి అరిచాను.

అమ్మ స్వరూపను చెయ్యి పట్టి పైకి లాగింది. నేను మేడంను కింది నుంచి నెట్టాను. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఒక చెప్పు జారింది, రెండోదీ జారింది. మేం ఎక్కిన చోటు నిలువెత్తుకు కొంచెం పైన ఉంటుంది. నా కాలు పైకి తీసుకున్నానో లేదో కింద ఉరుములాంటి చప్పుడు. ఎర్రటి నీళ్లు, విరిగిన కొమ్మలు, బురద. అంతకు ముందు మేం నిలబడిన చోట నడుం లోతు నీళ్లు పరుగెత్తాయి. మేడం సంచి, అందులోని పుస్తకం, టిఫిన్ డబ్బా, చెప్పులు అన్నీ కొట్టుకుపోయాయి. పైన ఎక్కడో వాన పడిందన్నమాట.

మేడం గోడకు ఆనుకుని వణుకుతున్నారు.

"అవ్వో... సచ్చిపోదుమే పిల్లా."

స్వరూపా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేడం నోట అలాంటి మాట అదే మొదటిసారి వినడం. ఆవిడకూ అది తెలిసింది. నవ్వబోయి ఏడ్చేశారు.

నీళ్లు తగ్గడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నలుగురం ఆ బండ మీద ఆనుకుని కూర్చున్నాం. అమ్మ నడుముకు కట్టుకున్న మూట మాత్రం మిగిలింది. అందులో జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు ఉన్నాయి. నాలుగు ముక్కలు చేసి పంచింది.

"దీన్ని మీరేమంటరు?" అని అడిగారు మేడం.

"బాటి" అంది అమ్మ.

మేడం ఆ మాటను రెండుసార్లు అనుకున్నారు. తర్వాత నా వైపు చూడకుండా, నీళ్లను చూస్తూ చెప్పారు.

"నేను ట్రైనింగుకు కోస్తాకు పోయిన. హాస్టల్ల నేనొక్కదాన్నే గిటు దిక్కుదాన్ని. గిట్ల అంటె నవ్వేటోళ్లు, ఏంది అంటె నవ్వేటోళ్లు. అన్నం కాడ గూడ నాతోని అనిపిచ్చుకొని నవ్వేటోళ్లు. అద్దం ముంగట నిలవడి నేర్చుకున్న వాళ్ల మాట. నాకు తాకిన దెబ్బ మీకు తాకొద్దనుకున్న. ఆ దెబ్బ నేనే కొట్టిన."

నా వైపు తిరిగి, "ఆ దినం క్లాసుల నిన్ను అట్ల అనకుండ ఉండాల్సింది సునీతా" అన్నారు.

పర్వాలేదని అనాలనిపించలేదు. ఆ ఏడాదంతా నాకు పర్వాలేదనేలా ఏమీ లేదు.

"నేను యాడి అనే అంట మేడం. గది మారది" అన్నాను.

"మారొద్దు" అన్నారు ఆవిడ.

మా మాటలు మా అమ్మకు ఎంత అర్థమయ్యాయో తెలియదు. తన వాటా రొట్టెలోంచి ఇంకో ముక్క తుంచి మేడం చేతిలో పెట్టింది.

నీళ్లు తగ్గాక దిగాం. మేడం కాళ్లకు చెప్పులు లేవని అమ్మ తన తలగుడ్డ చింపి రెండు పాదాలకూ చుట్టింది. కింద మేడం తమ్ముడు పరేషానై, పక్క ఊరివాళ్లను వెంటపెట్టుకుని ఎదురొస్తున్నాడు. ఆయన ఇంటికి పోదామన్నాడు. మేడం వినలేదు. "గణపురం ఇక్కడికి ఎంతో దూరం లేదు. చూసే పోదాం" అన్నారు.

కోటగుళ్లకు చేరేసరికి పొద్దు వాలుతోంది. కూలిన స్తంభాలు, పక్కకు ఒరిగిన గోడలు, ఎవరూ లేరు. మేడం దగ్గర పుస్తకం లేదు. గుడ్డలు చుట్టిన కాళ్లతో మెల్లగా ఒక చుట్టు తిరిగి, పడిపోయిన ఒక స్తంభం మీద కూర్చుని, "ఇయ్యాల నేను చెప్పను. నువ్వు చెప్పు సునీతా. ఏం కనవడుతున్నది?" అన్నారు.

చెయ్యి విరిగిన ఒక నాట్యకత్తె బొమ్మ గురించి చెప్పాను. ఆమె కాలి గజ్జెల మీద చీమలు బారుగా పోతున్నాయని చెప్పాను. బొమ్మ చెక్కినాయన గజ్జె గజ్జెకూ మధ్య సందు వదిలాడని, చీమలు ఆ సందుల్లోంచే పోతున్నాయని చెప్పాను. నేను ఎంతసేపు మాట్లాడానో తెలియదు. మేడం ఒక్క మాట కూడా దిద్దలేదు.

సమ్మె ముగిసి బడి తెరిచాక, మేం చూసింది క్లాసుకు చెప్పమని నన్ను నిలబెట్టి తాను వెనక బెంచీలో కూర్చున్నారు. "మా యాడి పాణి ఆవచ అన్నది" అనగానే ముందు వరుసలో నవ్వారు. మేడం ఏమైనా అంటారని చూశాను. అనలేదు. నా వైపే చూస్తూ కూర్చున్నారు. నేను నవ్వు ఆగే దాకా ఆగి, మిగతాది చెప్పాను. చీమల పుట్ట తొక్కినట్టు ఒళ్లంతా మంట పుట్టింది, కానీ చెప్పాను.

ఆ తర్వాత ఆవిడ పూర్తిగా మారిపోయారంటే అబద్ధమే. నా ళ సరిగ్గా పలకదని చివరి దాకా గునిసేవారు. "రాసేటప్పుడు పుస్తకం భాష రాయి, మార్కులు దానికే వేస్తరు. మాట్లాడేటప్పుడు నీ నోరు నీది" అనేవారు. ఇంటర్ అయ్యాక ఏం చదవాలో తెలియక ఉంటే, నర్సింగు దరఖాస్తు తెచ్చి నా ముందు పెట్టింది ఆవిడే. "నొప్పి ఎక్కడున్నదో చెప్పుకోరానోళ్లు దవాఖానకొస్తరు. ఆడ నీ అసొంటిది ఉండాలె" అన్నారు. ఆ మాట ఎంత నిజమో నాకు రోజూ తెలుస్తూనే ఉంటుంది.

రాష్ట్రం వచ్చిన రోజు ఫోన్ చేశారు. వెనక పటాకుల మోత. "వచ్చింది పిల్లా!" అని, వెంటనే, "మీ తండల ఏమంటున్నరు?" అని అడిగారు.

"బోరింగు ఎప్పుడేస్తరని అడుగుతున్నరు మేడం."

మేడం నవ్వి, "అడగాల్సింది గదే" అన్నారు.

రిటైరయ్యాక ఒక నోటుబుక్కు పెట్టుకుని గోర్ మాటలు రాసుకోవడం మొదలుపెట్టారు. ఆదివారం ఆదివారం ఫోన్. ఇల్లును ఏమంటారు, వానను ఏమంటారు, కోపమొస్తే ఏమని తిడతారు. ఫోన్ మా అమ్మకిస్తే ఆవిడ తప్పుగా పలకడం, అమ్మ కడుపు పట్టుకుని నవ్వడం. "మెల్లగ చెప్పు మేడం" అని మా అమ్మ ఆవిడకు చెబుతుంటే నేను పక్కనుండి వినేదాన్ని. నాకు తెలిసి మా అమ్మ చదువు చెప్పిన మనిషి ఆవిడొక్కరే.

కబురు అందిన మర్నాడు అమ్మా నేనూ జనగామ వెళ్లాం. అమ్మ మేడం పాదాలు రెండూ పట్టుకుని కాసేపు కూర్చుని లేచింది.

నాకు మాత్రం ఆవిడ అక్కడ పడుకున్నట్టు గుర్తు రావడం లేదు. పోయిన వానాకాలం చివర, అడిగి మరీ మాతో పాటు పాండవుల గుట్టకు వచ్చారు. లోపలికి ఎక్కలేనని, "మీరు పోయి రాండ్రి, నేనీడ కూసుంట" అని సందు మొదట్లో ఒక రాయి మీద కూర్చున్నారు. మేం తిరిగి వచ్చేసరికి ఎండ పక్కకు తిరిగి ఎర్రటి గోడ మీద పడుతోంది. మేడం చీర అంచు మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని, రెండు కాళ్లూ వాగులో పెట్టి, చిన్నపిల్లలాగా నీళ్లను అటూ ఇటూ తోస్తున్నారు. మేం వచ్చింది చూడలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. పిలవలేదు. ఇద్దరం చాలాసేపు అక్కడే నిలబడ్డాం.